ఎనిమిది పేజీల సంగీత పత్రిక

“నాలో సృజన ఉందో లేదో ఎలా తెలుస్తుంది?” అని విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. ఉపన్యాసం వింటే తెలిసే సంగతి కాదిది. చేతులకు పని పెడితేనే తెలుస్తుంది. అందుకే ఈ అధ్యాయంలో మీకు ఒకే ఒక్క పని అప్పగిస్తున్నాను. మీకు ప్రాణమైన సంగీతం ఏదైనా సరే, కర్ణాటక సంగీతమో, సినిమా పాటో, ఒగ్గుకథో, ర్యాపో, దాని మీద ఎనిమిది పేజీల పత్రిక తయారుచేయండి. రాత మీదే, ఫొటోలు మీవే, పేజీల అమరిక మీదే. గడువు ఆరు వారాలు.

పత్రికే ఎందుకు? కవిత రాస్తే భాషకు కసరత్తు, బొమ్మ వేస్తే చేతికి కసరత్తు. పత్రికలో ఇవన్నీ ఒకే పేజీ మీద చోటు కోసం పోట్లాడుకుంటాయి. వ్యాసం బాగా వచ్చింది, పేజీలో పట్టదు. ఫొటో బాగుంది, శీర్షికకు చోటివ్వదు. విస్తరి చిన్నది, వంటకాలు ఎక్కువ. ఏదో ఒకటి తగ్గించక తప్పదు. ఏది తగ్గించాలో మీరే తేల్చుకోవాలి.

సంగీతమే ఎందుకు? కాగితం మోగదు కాబట్టి. క్రికెట్ మ్యాచ్‌ను ఫొటో తీయొచ్చు, ఆనందభైరవి రాగాన్ని తీయలేం. చెవికి చెందినదాన్ని కంటికి అందించాలంటే రంగు, అక్షరం, ఖాళీ స్థలం, మాట అన్నిటినీ కొత్తగా వాడుకోవాల్సి వస్తుంది.

ముందే ఒక మాట చెప్పుకుందాం. ఆలోచనలు అందరికీ వస్తాయి. స్నానం చేస్తున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఊరికే వస్తాయి. వాటిలో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి, ఎందుకు? ఈ మూడు ప్రశ్నల్లో చివరిదానికి జవాబు చెప్పగలగడమే సృజనలో ఎదుగుదల. “బాగుంది కాబట్టి పెట్టాను” అనే విద్యార్థి ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. “ఈ పేజీ చదివేవాళ్లకు ఇది కావాలి కాబట్టి పెట్టాను” అన్న రోజున లోపలికి అడుగుపెట్టాడు.

మార్కులు దేనికి వేశారు?

బ్రిటన్‌లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు కొన్నేళ్లపాటు ఏఎస్ స్థాయి మీడియా స్టడీస్‌లో, అంటే మన ఇంటర్ వయసు పిల్లలకు, ఈ పనినే కోర్స్‌వర్క్‌గా పెట్టింది. ముందు చిన్న అభ్యాసం: బడి పత్రికకు కవర్ పేజీ, విషయసూచిక. ఆ తర్వాత అసలు పని: కొత్త సంగీత పత్రికకు కవర్ పేజీ, విషయసూచిక, ఎదురెదురు పేజీల్లో పరిచిన ఒక వ్యాసం. రాత సొంతదే కావాలి. ఫొటోలూ సొంతవే, అవి కనీసం 4 ఉండాలి.

మొత్తం 100 మార్కుల్లో తయారీకి 60, పరిశోధనకూ ప్రణాళికకూ 20, స్వీయ సమీక్షకు 20. అంటే పేజీ ఎంత అందంగా వచ్చినా దానికి దక్కేది 60 లోపే. మిగతా 40 మార్కులు ‘ముందు ఏం ఆలోచించావు, తర్వాత ఏం గ్రహించావు’ అన్నదానికి. స్వీయ సమీక్షలో ఏడు ప్రశ్నలుండేవి. బడి పత్రిక దగ్గర మొదలుపెట్టి సంగీత పత్రిక ముగించేసరికి ఏం నేర్చుకున్నావన్నది వాటిలో చివరిది.

మనకు ఆ బోర్డు లేదు, ఆ మార్కులూ లేవు. పద్ధతిని మాత్రం తెచ్చుకోవచ్చు. ఒక నోట్‌బుక్ తీసుకుని అట్ట మీద ‘ఎందుకు?’ అని రాయండి. పత్రికకు సంబంధించిన ప్రతి నిర్ణయానికీ అందులో తేదీ వేసి ఒక్క వాక్యం రాయండి. ‘కవర్ మీద మనిషి ముఖం వద్దు, చెయ్యి చాలు. ఎందుకంటే...’ ఈ ‘ఎందుకంటే’ తర్వాత కలం ఆగిపోయిందంటే ఆ నిర్ణయం ఇంకా పచ్చిగానే ఉందన్నమాట.

చదివేది ఎవరు?

‘సంగీతాభిమానులు’ అన్నది జవాబు కాదు. 1978లో బ్రిటన్‌లో మొదలైన ‘స్మాష్ హిట్స్’ టీనేజీ పిల్లల కోసం పుట్టింది. వాళ్లకు కావాల్సింది కొత్త పాటల సాహిత్యం, రంగురంగుల ఫొటోలు. ఆ పత్రిక అవే ఇచ్చింది. అదే దేశంలో 1993లో వచ్చిన ‘మోజో’ పాత రాక్ సంగీతంతో పెరిగిన పెద్దవాళ్లది. అందులో తీరిగ్గా చదువుకునే పొడవాటి వ్యాసాలుంటాయి. 1983లో చెన్నైలో ఎన్.పట్టాభిరామన్ ప్రారంభించిన ఆంగ్ల మాసపత్రిక ‘శ్రుతి’ కర్ణాటక సంగీతం, నాట్యం తెలిసిన రసికులది. మూడింటినీ ఒకే బల్ల మీద పెడితే, పేర్లు మూసేసినా ఏది ఎవరి కోసమో చెప్పేయొచ్చు.

అంత దూరం పోనక్కర్లేదు. ఒకప్పుడు మన సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాన్నే తీసుకోండి. పల్చటి కాగితం, తక్కువ వెల, జేబులో మడిచి పెట్టుకునే సైజు. కథ సగం చెప్పి ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఆపేసేవాళ్లు. తర్వాత పాటలు, పాడినవారి పేర్లు. ఇంటికెళ్లి పాడుకోవాలనుకునేవాళ్లకు అంతకుమించి అక్కర్లేదు. దాన్ని ఎవరు రూపొందించారో మనకు తెలియదు గానీ, తన పాఠకుడెవరో ఆ పుస్తకానికి బాగా తెలుసు.

కాబట్టి ‘ఎందుకు?’ నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీ పాఠకుడికి కేటాయించండి. వయసెంత? ఏ ఊరు? పాట ఎక్కడ వింటాడు, ఎప్పుడు వింటాడు? అతనికి తెలియనిదేమిటి? ఒక్క మనిషిని కళ్లముందు నిలబెట్టుకోండి.

ఓ ఉదాహరణ అనుకుందాం. విజయనగరంలో డిగ్రీ చదివే అమ్మాయి బొబ్బిలి వీణ మీద సంచిక తేవాలనుకుంది. తన పాఠకురాలిగా పదహారేళ్ల పిల్లను ఊహించుకుంది. ఆ పిల్ల వీణను టీవీలో తప్ప చూడలేదు, రోజంతా ఇయర్‌ఫోన్స్‌లో సినిమా పాటలు వింటుంది. ఈ ఒక్క నిర్ణయంతో ఎన్ని తేలిపోయాయో చూడండి. మేళకర్త రాగాల పట్టిక అక్కర్లేదు. వీణ చరిత్ర రెండు పేజీలు అక్కర్లేదు. ‘ఇది ఎలా మోగుతుంది?’ అన్న ప్రశ్నకు జవాబు కావాలి.

మడిచి చూడండి

వెంటనే కంప్యూటర్ ముందు కూర్చోకండి. రెండు ఏ4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యకు మడిచి, మడత మీద పిన్ను కొట్టండి. ఎనిమిది పేజీల చిన్న పుస్తకం తయారవుతుంది. దీన్ని డమ్మీ అంటారు. పేజీ నంబర్లు వేసి, పిన్ను తీసి విప్పి చూడండి. బయటి కాగితం మీద 8వ పేజీ పక్కన 1 ఉంటుంది, దాని వెనక 2, 7 ఉంటాయి. లోపలి కాగితానికి ఒకవైపు 6, 3, రెండోవైపు 4, 5.

ఈ చిన్న పనితో రెండు సంగతులు బోధపడతాయి. మధ్యలో పిన్ను కొట్టే పత్రికల్లో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. ‘ఒక్క పేజీ ఎక్కువ కావాలి’ అంటే కుదరదు, మాటలైనా తగ్గించాలి, మరో మూడు పేజీలకు సరుకైనా తేవాలి. రెండోది, మీ ఎనిమిది పేజీల్లో ఎదురెదురుగా కనిపిస్తూ ఒకే కాగితం మీద ఉండేవి 4, 5 పేజీలు మాత్రమే. 2, 3 పక్కపక్కనే కనిపించినా వేర్వేరు కాగితాలు. వాటి మీదుగా ఒకే ఫొటో పరిస్తే, మడత దగ్గర ఒకట్రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా వాద్యకారుడి ముక్కు పక్కకు జరిగిపోతుంది. పెద్ద ఫొటో, ప్రధాన వ్యాసం నడిమి పేజీల్లోనే ఎందుకుండాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పెన్సిల్‌తో పేజీలు పంచండి. 1 కవర్. 2 విషయసూచిక, సంపాదకుడి మాట. 3 కాలేజీ కబుర్లు. 4, 5 ప్రధాన వ్యాసం. 6 సమీక్ష. 7 ఒక వాద్యం బొమ్మ, దాని భాగాల పరిచయం. 8 పోస్టర్ లాంటి చివరి అట్ట. నచ్చకపోతే రబ్బరుతో చెరిపి మళ్లీ పంచండి. ఈ దశలో మార్పుకు ఖర్చు లేదు.

లోపల ఏం పెట్టాలి?

పాత వ్యాసాలు ఇంటర్‌నెట్‌లోంచి తెచ్చి అతికిస్తే పేజీలు నిండుతాయి, మీరు మాత్రం ఎదగరు. మీరు మాత్రమే తేగల సరుకు మూడు రకాలుగా దొరుకుతుంది.

మొదటిది ఇంటర్వ్యూ. మన విజయనగరం అమ్మాయి బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి వెళ్లిందనుకుందాం. అక్కడి వీణలకు పనస కర్ర వాడతారు. ఒకే దుంగను తొలిచి చేసేదాన్ని ఏకాండీ వీణ అంటారు. వీణ చేసే ఆయన్ని “మీకు ప్రేరణ ఎవరండీ?” అని అడిగితే పెద్దల పేర్లు చెప్పి ఊరుకుంటారు. “దుంగను చూడగానే ఇది పనికిరాదని ఎలా తెలుస్తుందండీ?” అని అడిగితే ఆయన లేచి వెళ్లి దుంగ చూపిస్తారు. వీణకు 24 మెట్లుంటాయి, వాటిని మైనం మీద నిలబెడతారు. “మెట్టు ఒక్కటి పక్కకు జరిగితే ఏమవుతుందండీ?” అంటే మీటి వినిపిస్తారు. చేతికి సంబంధించిన ప్రశ్న అడిగితే చేతి పనే జవాబుగా వస్తుంది, ఫొటో కూడా అక్కడే దొరుకుతుంది.

రెండోది లెక్క. బ్రిటన్‌లో పాటల అమ్మకాల జాబితా 1952 నవంబరు 14న మొదటిసారి ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ పత్రికలో వచ్చింది. పెద్ద యంత్రాంగమేమీ లేదు. రికార్డుల దుకాణాలకు ఫోన్లు చేసి, ఏవి ఎక్కువ అమ్ముడవుతున్నాయో అడిగి 12 స్థానాలతో జాబితా వేశారు. మీరూ కాలేజీ క్యాంటీన్‌లో, బస్టాపులో, హాస్టల్ వరండాలో “ఈ వారం ఎక్కువసార్లు విన్న పాట ఏది?” అని అడిగి ‘మా కాలేజీ పన్నెండు’ వేయొచ్చు. ఆ జాబితా ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు.

మూడోది సమీక్ష. దీనికి ఒక నియమం పెట్టుకోండి. అద్భుతం, మధురం, వీనులవిందు, మైమరపు అనే మాటలు వాడకుండా 120 మాటల్లో ఒక పాట గురించి రాయండి. మొదట చాలా కష్టంగా ఉంటుంది. ఆ మాటలు చేతికి అందకపోతే పాటను మళ్లీ వినక తప్పదు. మొదట ఏ వాద్యం వినిపించింది? గొంతు ఎప్పుడు పైకి లేచింది? రెండో చరణానికి ముందు ఏది ఆగింది? అలా రాసినప్పుడే చదివేవాళ్లు ఫోన్ తీసి ఆ పాట వెతుక్కుంటారు.

మోగని కాగితాన్ని మోగించడం

న్యూయార్క్‌లోని బ్లూ నోట్ జాజ్ రికార్డుల అట్టలు చూడండి. 1950ల మధ్య నుంచి దాదాపు పదేళ్లపాటు వాటిలో ఎక్కువ భాగం రీడ్ మైల్స్ రూపొందించాడు. రికార్డింగుల సమయంలో ఫ్రాన్సిస్ వుల్ఫ్ తీసిన నలుపు తెలుపు ఫొటోలు చేతిలో ఉండేవి. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా అట్టలకు రెండు రంగులే. మైల్స్ ఆ కొరతనే శైలిగా మార్చాడు. ఫొటోను నిర్దయగా కత్తిరించి ముఖంలో సగమే ఉంచేవాడు. అక్షరాలను లయకు తగ్గట్టు చిన్నవి, పెద్దవి చేసి పేర్చేవాడు. ఆయనకు జాజ్ మీద పెద్ద మోజు కూడా లేదు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఇష్టం. సంస్థ యజమాని ఆల్‌ఫ్రెడ్ లయన్ ఆ సంగీతం ఎలా ఉందో వివరించి చెబితే దాన్నిబట్టి పని చేసేవాడు. మీ దగ్గర కలర్ ప్రింటుకు డబ్బుల్లేకపోతే ఇదే దారి: నలుపు, దానికి తోడు ఒక్క రంగు. ఆ ఒక్క రంగు ఏదో, ఎందుకో నోట్‌బుక్‌లో రాయండి.

1979లో జాయ్ డివిజన్ బృందం ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’కు పీటర్ సావిల్ చేసిన అట్టది మరో దారి. నల్లటి నేల మీద తెల్లటి గీతలు, కొండల వరుసలా లేచి పడుతుంటాయి. అవి ఒక పల్సర్ నక్షత్రం నుంచి వచ్చిన రేడియో తరంగాల నమోదు. ఖగోళశాస్త్ర గ్రంథంలో ఉన్న బొమ్మను బృంద సభ్యుడే చూసి తెచ్చాడు. అట్ట ముందు వైపు బృందం పేరు కూడా లేదు. గాయకుడి ముఖం వేయకుండానే శబ్దాన్ని చూపించొచ్చని ఆ అట్ట నిరూపించింది.

హద్దు ఎక్కడో చెప్పే ఉదంతమూ ఉంది. 1994లో అమెరికా సంగీత పత్రిక ‘రే గన్’ డిజైనర్ డేవిడ్ కార్సన్, గాయకుడు బ్రయాన్ ఫెర్రీతో చేసిన ఇంటర్వ్యూ చప్పగా ఉందనిపించి, దాన్ని అక్షరాలకు బదులు బొమ్మ గుర్తులుండే జాఫ్ డింగ్‌బాట్స్ ఫాంట్‌లో కూర్చేశాడు. ఒక్క ముక్క చదవడానికి లేదు. అల్లరి కోసమే ఆ పత్రిక కొనేవాళ్లకు అది చెల్లింది. మీ మొదటి సంచికకు చెల్లదు. నియమం తెలిసినవాడు ఉల్లంఘిస్తే తెగువ అంటారు, తెలియనివాడు ఉల్లంఘిస్తే పొరపాటు అంటారు.

తెలుగు అక్షరానికి చోటివ్వండి

ఇంగ్లిష్ పత్రికల కొలతలు యథాతథంగా తెచ్చుకుంటే తెలుగు పేజీ ఇరుకైపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలు చాలావరకు ఒకే వరుసలో నడుస్తాయి. మన అక్షరానికి పైన గుడి, పక్కన కొమ్ము, కింద వత్తులు. ‘శాస్త్రం’ అన్న మాటలో సకారం కింద తవత్తు, దానికి క్రావడి. ఈ మాట శీర్షికలో పై వరుసన ఉండి, సరిగ్గా దాని కింద ‘కీర్తన’ వచ్చిందనుకోండి. పైనున్న వత్తులు కిందనున్న గుడిదీర్ఘం మీద పడతాయి. తెర మీద చిన్నగా చూస్తున్నప్పుడు ఇది తెలియదు. అచ్చులో నల్లటి మరకలా కనిపిస్తుంది. అప్పుడు చేయాల్సింది రెండే: వరుసల మధ్య దూరం పెంచడం, లేదా మాట మార్చి వరుస విరుపును జరపడం.

ఇన్‌డిజైన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వరుసల దూరం మనం మార్చకపోతే అక్షరం సైజుకు 120 శాతం ఉంటుంది. తెలుగుకు 140 నుంచి 150 దాకా పెంచి చూడండి. అక్షరం 11 పాయింట్లయితే వరుస దూరం 16 పాయింట్లు మంచి ఆరంభం. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్‌ను ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి.

మన మాటలు సంధులతో, సమాసాలతో పొడవు. ఏ4 పేజీలో మూడు కాలమ్‌లు వేసి రెండు అంచులూ సమం చేస్తే మాటల మధ్య గుంతలు పడతాయి. రెండు కాలమ్‌లు మేలు. మూడే కావాలంటే కుడి అంచును సమం చేయకుండా వదిలేయండి.

ఫాంట్లకు కొదవ లేదు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. పాఠానికి మండలి, శీర్షికకు రామభద్ర పెట్టి మొదలుపెట్టండి. ఒక సంచికలో రెండు ఫాంట్లు చాలు. డీటీపీ సెంటర్‌లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడుతుంటే, మీ యూనికోడ్ పాఠం అక్కడ నేరుగా తెరుచుకోదు, మార్పిడి చేయాలి. మార్చాక వత్తులన్నీ మళ్లీ సరిచూసుకోవాలి.

ఫొటో విషయంలో మూడు జాగ్రత్తలు

ఫోన్ కెమెరా చాలు. ఏ4 పేజీ నిండా ఫొటో అచ్చు వేయాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480×3508 పిక్సెళ్లు కావాలి. నేటి ఫోన్లలో చాలావాటికి ఇది కష్టం కాదు. చిక్కల్లా వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్నప్పుడు వస్తుంది, ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపుకోండి. పేజీ అంచు దాకా ఫొటో రావాలంటే చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలండి, కటింగ్‌లో పోయేది అదే.

రెండోది, ఫ్లాష్ ఆపేసి కిటికీ పక్కన తీయండి. మనిషి నవ్వు ముఖంతో పాటు పనిచేసే చేతుల్ని కూడా దగ్గరగా తీయండి. పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పత్రిక చేస్తున్నారనుకోండి. చదివేవాళ్లు ముందు వెతికేది ఆ మెట్ల మీద వేళ్లు ఎక్కడున్నాయన్నదే.

మూడోది, గూగుల్‌లో దొరికిన ఫొటో మీది కాదు. పాట సాహిత్యానికి కూడా మన దేశంలో కవి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1847లో కన్నుమూసిన త్యాగరాజు కీర్తనలు మీరు అచ్చు వేసుకోవచ్చు. నిన్నమొన్నటి సినిమా పాట మొత్తం వేసుకోవడానికి అనుమతి కావాలి.

“నా దగ్గర కంప్యూటర్ లేదు”

1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమస్తా ‘స్నిఫిన్ గ్లూ’ అనే పంక్ సంగీత పత్రిక తెచ్చాడు. పాఠం టైపు మిషన్ మీద, శీర్షికలు మార్కర్ పెన్నుతో చేత్తో, ప్రతులు జిరాక్స్‌లో. మొదటి సంచిక సుమారు 50 కాపీలు. ఏడాది తిరిగేసరికి కాపీలు వేలల్లోకి చేరాయి. ఆ చేతిరాత శీర్షికలే పంక్ పత్రికలకు గుర్తుగా మారాయి. మన బాపు చేతిరాత కూడా తర్వాత ఫాంట్‌గా వచ్చింది. చేతిరాత బాగుంటే అదే మీ మూలధనం. కంప్యూటర్ ఉంటే స్క్రైబస్, గింప్, ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి.

ఇప్పుడు క్యాన్వాలో సిద్ధంగా ఉన్న నమూనాలున్నాయి, ఏఐని అడిగితే కవర్ పేజీ క్షణాల్లో ఇస్తుంది. వాడొద్దని చెప్పను. మొదటి సంచికకు మాత్రం దూరం పెట్టండి. నమూనాలో నిర్ణయాలన్నీ ఎవరో చేసేసి ఉంటారు. మీ నోట్‌బుక్‌లో ‘ఎందుకంటే’ తర్వాత రాయడానికి ఏమీ మిగలదు.

ఆరు వారాల పట్టిక

మొదటి వారం: మూడు పత్రికలు తెచ్చి స్కేలుతో కొలవండి. అంచులెంత, శీర్షిక ఎంత, ఖాళీ ఎంత? మీ పాఠకుడి గురించి ఒక పేజీ రాయండి. అదే వారం, ఏమీ నేర్చుకోకముందే, ఒక కవర్ పేజీ గీసి తేదీ వేసి దాచండి.

రెండో వారం: డమ్మీ, పేజీల పంపకం.

మూడో వారం: ఇంటర్వ్యూ, లెక్క, ఫొటోలు.

నాలుగో వారం: రాత. రాసినదాంట్లో మూడో వంతు కొట్టేయండి.

ఐదో వారం: పేజీల అమరిక, జిరాక్స్ మీద ప్రూఫ్. ప్రూఫ్‌ను ఇద్దరికి ఇవ్వండి: సంగీతం తెలిసినవాళ్లు ఒకరు, ఏమాత్రం తెలియనివాళ్లు ఒకరు. “ఎలా ఉంది?” అని అడగొద్దు, “బాగుంది” అంటారు. పత్రిక చేతికిచ్చి, పక్కన కూర్చుని చూడండి. ఏ పేజీ దగ్గర ఆగారు, ఏది చదవకుండా తిప్పేశారు, ఎక్కడ కళ్లు చిట్లించారు? వాళ్లు తిప్పేసిన పేజీని మళ్లీ చేయండి.

ఆరో వారం: ముద్రణ. పాతిక కాపీలు చాలు. ఊరికే పంచకుండా చిన్న వెల పెట్టండి. జేబులోంచి పది రూపాయలు తీసేవాడు మీ కవర్ పేజీని నిజంగా చూస్తాడు.

ఎదిగారో లేదో కొలవడం

సంచిక అచ్చయ్యాక మొదటి వారంలో దాచిన కవర్ పేజీని బయటికి తీసి కొత్తదాని పక్కన పెట్టండి. ఐదు ప్రశ్నలు వేసుకోండి. ఏం తీసేశాను? ఏది పెద్దది చేశాను? అక్షరం చదవడానికి హాయిగా ఉందా? నా పాఠకుడు దీన్ని చేతిలోకి తీసుకుంటాడా? ఈ మార్పుల్లో ఎన్నిటికి కారణం చెప్పగలను? మొదటి కవర్‌లో అన్నీ ఉండి, రెండోదాంట్లో కావాల్సినవే ఉంటే మీరు ఎదిగినట్టే లెక్క.

ఈ విద్య సంగీత పత్రికతో ఆగిపోదు. రేపు మీరు ప్రాజెక్టు రిపోర్టు రాసినా, దుకాణానికి బోర్డు వేయించినా, ఇంటర్వ్యూలో మీ గురించి రెండు నిమిషాలు మాట్లాడినా అవే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి: ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి, ఎందుకు? ఎనిమిది పేజీల మీద వాటికి జవాబు వెతికినవాళ్లకు పెద్ద పనిలో తడబాటు తక్కువ.

ఈ పుస్తకం మూసేముందు రెండు తెల్ల కాగితాలు తీసుకోండి. మధ్యకు మడిచి, పేజీ నంబర్లు వేసి, మొదటి పేజీ మీద మీ పత్రికకు పేరు రాయండి. తర్వాతి అధ్యాయం ఆ పని అయ్యాకే చదవండి.